నెల దాటి ఉంటామని వచ్చి ముందే వెళ్ళిపోతే: టెక్సాస్‌లో ఆక్యుపెన్సీ టాక్స్ లెక్క తేల్చుకోవడం ఎలా

ఆదివారం సాయంత్రం ఆరింటికి బ్యాగులన్నీ కార్లో సర్దేసి, "అక్కా, క్లయింట్ షార్లెట్ వచ్చేయమంటున్నాడు, బుధవారానికల్లా అక్కడ ఉండాలి, ఏమీ అనుకోకండి" అన్నాడు ఆ అబ్బాయి. ఫ్రిస్కోలో మా రెండో ఇల్లు 45 రాత్రులకు తీసుకున్నారు, 19 రాత్రులకే ఖాళీ చేశారు. భార్య కడుపుతో ఉంది, ఉన్నపళంగా ఊరు మారాలి, ఆ హడావిడిలో ఫ్రిజ్‌లో సగం ఆవకాయ సీసా కూడా మర్చిపోయారు. చూస్తే జాలేసింది. మిగిలిన 26 రాత్రుల అద్దె, రాత్రికి 110 చొప్పున 2,860 డాలర్లు, ఆ రాత్రే జెల్ (Zelle) యాప్‌లో పంపేశాను. ఏప్రిల్‌లో రాష్ట్రానికి పంపాల్సిన రిపోర్టు నింపడానికి కూర్చున్నప్పుడు తెలిసింది, వాళ్ళు ఉన్న 19 రాత్రులకు పన్ను పడుతుందని, అది వాళ్ళ దగ్గర నేను తీసుకోలేదని. పట్టుకోవడానికి చేతిలో ఒక్క డాలర్ కూడా మిగల్లేదు. 295 డాలర్లు నా జేబులోంచే కట్టాను.

డల్లాస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ఇర్వింగ్, ప్లేనో వైపు మనవాళ్ళు చాలామంది ఇలా ఒక ఇల్లు సామానుతో సహా అద్దెకిస్తున్నారు. వచ్చేవాళ్ళలోనూ మనవాళ్ళు ఎక్కువే. ప్రాజెక్ట్ మారి వచ్చి సొంత ఇల్లు దొరికేదాకా ఉండేవాళ్ళు, కూతురి పురుటికి ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకు దగ్గర్లో చోటు చూసేవాళ్ళు. వీళ్ళ ప్లాన్లు మారిపోవడం మామూలే, ఎవరినీ తప్పుపట్టలేం. కానీ ప్లాన్ మారిన రోజున పన్ను లెక్క కూడా మారుతుంది, అది చాలామందికి నాలాగే ఆలస్యంగా తెలుస్తోంది. అందుకే వివరంగా రాస్తున్నాను.

ముందు అసలు పన్ను సంగతి

టెక్సాస్‌లో దీని పేరు హోటల్ ఆక్యుపెన్సీ టాక్స్. మాది హోటల్ కాదు కదా, ఇల్లే కదా అనుకోకండి. 2015 సెప్టెంబర్ 1 నుంచి కొద్దిరోజులకు అద్దెకిచ్చే ఇళ్ళను కూడా హోటల్ కిందే లెక్కగట్టాలని చట్టంలోనే స్పష్టంగా రాశారు. రాష్ట్రానికి 6 శాతం, దాని మీద ఊరి పన్ను విడిగా. ఫ్రిస్కోలో ఊరిది 7 శాతం కాబట్టి మొత్తం 13. డల్లాస్‌లో 2023 నుంచి ఊరిది 9 శాతం అయింది, అంటే మొత్తం 15. మీ ఇల్లు ఏ ఊరి హద్దుల్లో ఉందో దాన్నిబట్టి రేటు. పోస్టల్ అడ్రస్‌లో ఒక ఊరి పేరుండి, ఇల్లు ఇంకో ఊరి హద్దుల్లో ఉండటం మన వైపు మామూలే, ప్రాపర్టీ టాక్స్ బిల్లు తీసి చూసుకోండి.

పన్ను పడేది అద్దె మీద మాత్రమే అనుకుంటారు చాలామంది. క్లీనింగ్ ఫీజు కూడా అందులోకే వస్తుంది. ఇల్లు సిద్ధం చేయడానికి తీసుకునే డబ్బు అద్దెలో భాగమే.

ఇక మినహాయింపు. ఒకే గెస్ట్‌కు వరుసగా కనీసం 30 రోజులు ఆ ఇంట్లో ఉండే హక్కు ఉండి, మధ్యలో చెల్లింపు ఎక్కడా ఆగకపోతే, అతను చట్టం దృష్టిలో పర్మనెంట్ రెసిడెంట్. అతనికి పన్ను లేదు. అయితే ఈ మినహాయింపు మొదటి రోజు నుంచే రావాలంటే, 30 రోజులు లేదా అంతకన్నా ఎక్కువ ఉంటామని గెస్ట్ ముందే రాతపూర్వకంగా చెప్పాలి, లేదా బుకింగ్‌లోనే అన్ని రోజులు కనబడాలి, ఆపైన నిజంగానే అన్ని రోజులూ ఉండాలి. ముందు ఏమీ రాసివ్వకుండా ఊరికే ఉంటూ ఉంటూ 30 రోజులు దాటితే, మొదటి 30 రోజులకు పన్ను కట్టాల్సిందే, 31వ రోజు నుంచే మినహాయింపు.

"నిజంగానే అన్ని రోజులూ ఉండాలి" అన్న ఆ ఒక్క మాట దగ్గరే మా లెక్క తప్పింది. 45 రాత్రుల బుకింగ్ కాబట్టి మొదట్లో పన్ను తీసుకోకపోవడం సరైనదే. 19వ రోజున వెళ్ళిపోయేసరికి ఆ మినహాయింపు మొదటి రోజు నుంచీ రద్దయిపోయింది. మిగిలిన రోజులకు కాదు, ఉన్న రోజులకే పన్ను.

నెల అంటే ఎన్ని రోజులు?

ఇది చిన్న విషయంలా కనబడుతుంది గానీ ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. ఇళ్ళు అద్దెకు బుక్ చేసుకునే ఎయిర్‌బీఎన్‌బీ సైట్‌లో 28 రాత్రులు లేదా అంతకన్నా ఎక్కువైతే దాన్ని నెలవారీ బుకింగ్ కింద చూస్తారు, నెల డిస్కౌంట్ వర్తిస్తుంది, క్యాన్సిలేషన్ నిబంధనలు కూడా మారిపోతాయి. పన్ను మినహాయింపుకు మాత్రం 30 కావాలి. 28, 29 రాత్రుల బుకింగ్ అంటే సైట్ దృష్టిలో నెల, రాష్ట్రం దృష్టిలో కాదు. "ఫిబ్రవరి నెలంతా కావాలండీ" అని ఎవరైనా 1వ తేదీన దిగి మార్చి 1న వెళ్తే అది 28 రాత్రులే. మాటల్లో నెలే, పన్ను మాత్రం మొత్తానికి పడుతుంది. నేను ఇప్పుడు నెలకు అడిగినవాళ్ళకు 31 రాత్రులకు తక్కువ రాయట్లేదు. ఒక రాత్రి అద్దె అదనంగా కట్టినా వాళ్ళకు 13 శాతం పన్ను మిగులుతుంది, ఆ మాట చెబితే ఎవరూ కాదనలేదు.

వరుసగా అనే మాట కూడా గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. 20 రాత్రులు ఉండి, వారం ఎక్కడికో వెళ్ళి, మళ్ళీ వచ్చి 15 రాత్రులు ఉంటే అవి రెండు వేర్వేరు బుకింగులు, రెండింటికీ పన్ను ఉంటుంది. అదే ఆ వారానికి కూడా అద్దె కట్టి సామాను ఇంట్లోనే ఉంచుకుని ఆస్టిన్ వెళ్ళొస్తే హక్కు తెగలేదు, చెల్లింపు ఆగలేదు, ఏ ఇబ్బందీ లేదు. అద్దె రెండు వాయిదాల్లో తీసుకుంటున్నవాళ్ళు మాత్రం రెండో వాయిదా కార్డు దగ్గర ఆగిపోయిందా అని కన్నేసి ఉంచండి, చెల్లింపు మధ్యలో ఆగితే మినహాయింపుకే ముప్పు.

గెస్ట్ "వెళ్ళిపోతున్నాం" అని చెప్పిన రోజున చేయాల్సింది

మొట్టమొదటిది, రీఫండ్ పంపకండి. ఆ పూటకు ఆగండి. గెస్ట్ దగ్గర పన్ను తీసుకోవడానికి మీ చేతిలో ఉన్న ఒకే ఒక్క అవకాశం, మీరు అతనికి తిరిగివ్వాల్సిన డబ్బు. అది ఒకసారి వెళ్ళిపోయాక, వేరే రాష్ట్రంలో కొత్త ఉద్యోగంలో చేరిన మనిషికి ఫోన్ చేసి 295 డాలర్లు పంపమని అడగడం ఎంత ఇబ్బందో నాకు తెలుసు. నేను అడగలేకపోయాను.

కాగితం మీద ఇలా వేసుకోండి. ఉన్న రాత్రులు 19, రాత్రికి 110 చొప్పున 2,090 డాలర్లు. క్లీనింగ్ 180. మొత్తం 2,270. దీని మీద రాష్ట్రానికి 6 శాతం 136 డాలర్ల 20 సెంట్లు, ఊరికి 7 శాతం 158 డాలర్ల 90 సెంట్లు. కలిపితే 295 డాలర్ల 10 సెంట్లు. తిరిగివ్వాల్సిన 2,860లోంచి ఇది తీసేసి 2,564 డాలర్ల 90 సెంట్లు పంపాలి. ఈ లెక్క మొత్తం ఒక మెసేజ్‌లో పెట్టి పంపండి. మనవాళ్ళు లెక్క చూపిస్తే అర్థం చేసుకుంటారు, చూపించకుండా పట్టుకుంటేనే బాధపడతారు.

నెల డిస్కౌంట్ ఇచ్చినవాళ్ళు ఇంకోటి చూసుకోవాలి. ముందే వెళ్ళిపోతే డిస్కౌంట్ రద్దై మామూలు రేటు పడుతుందని మీ ఒప్పందంలో ఉంటే, పన్ను కూడా ఆ మామూలు రేటు మీదే లెక్కించాలి, ఎందుకంటే పన్ను పడేది మీరు చివరకు అద్దెగా తీసుకున్న మొత్తం మీద. ఒప్పందంలో ఆ మాట లేకపోతే పాత రేటే.

రెండోది, వెళ్ళిన తేదీ రాతలో ఉండాలి. ఫోన్లో చెప్పింది చాలదు. "మార్చి 15న ఇల్లు ఖాళీ చేశాం, తాళం కోడ్ ఇక వాడం" అని గెస్ట్ చేత ఒక్క లైన్ మెసేజ్ పెట్టించుకోండి. టెక్సాస్‌లో ఈ రికార్డులు నాలుగేళ్ళు దాచాలి.

డబ్బు తిరిగివ్వకపోతే?

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి. ఎయిర్‌బీఎన్‌బీ నెలవారీ బుకింగుల్లో గెస్ట్ మధ్యలో వదిలేస్తే సాధారణంగా ఉన్న రాత్రులకు తోడు ఆ తర్వాతి 30 రాత్రులకు కూడా కట్టాలి, మిగిలినవి 30 కన్నా తక్కువైతే మిగిలినవన్నీ కట్టాలి. అంటే మాలాంటి బుకింగ్ అక్కడ జరిగి ఉంటే 45 రాత్రుల డబ్బూ హోస్ట్ దగ్గరే ఉండేది. అప్పుడు గెస్ట్‌కు 30 రోజుల హక్కు ఉన్నట్టా, లేనట్టా? చట్టంలో ఉన్న మాట హక్కు, ఆగని చెల్లింపు. రూలు వివరణలో ఉన్న మాట నిజంగా ఉండటం. ఈ రెండిటి మధ్య సందు ఉంది.

నేను పాటించే పద్ధతి చెప్తాను. డబ్బు తిరిగివ్వకుండా, 30వ రోజు దాకా ఇల్లు అతని పేరు మీదే అట్టిపెట్టి, తాళం కోడ్ కూడా మార్చకుండా ఉంటే, మినహాయింపు అడగడానికి మీ దగ్గర ఒక వాదన ఉంది. అయినా దాన్ని మీ అంతట మీరే ఖాయం చేసుకోకుండా, రాష్ట్ర పన్నులు వసూలు చేసే టెక్సాస్ కంప్ట్రోలర్ ఆఫీసుకు వివరాలన్నీ రాసి, రాతలోనే జవాబు తెప్పించుకోండి, ఈలోగా ఆ పన్ను డబ్బు విడిగా పక్కన పెట్టండి. ఊరి ఫైనాన్స్ డిపార్ట్‌మెంట్‌కు కూడా వేరేగా రాయాలి, రాష్ట్రం ఒప్పుకున్నంత మాత్రాన ఊరు ఒప్పుకున్నట్టు కాదు. అలా కాకుండా 22వ రోజునే ఇంకొకరిని ఇంట్లో దింపేశారనుకోండి, పాత గెస్ట్ హక్కు అక్కడితో పోయింది, ఇక వాదన లేదు, పన్ను కట్టేయండి.

సైట్ ద్వారా వచ్చిన బుకింగులు

ఎయిర్‌బీఎన్‌బీ, వర్బో లాంటివి టెక్సాస్‌లో రాష్ట్రపు 6 శాతాన్ని 30 రాత్రుల లోపు బుకింగుల మీద తామే వసూలు చేసి కడతాయి. ఊరి పన్ను అన్ని ఊళ్ళకూ అలా కట్టరు, కొన్నిచోట్ల అది హోస్ట్ పనే. 45 రాత్రుల బుకింగ్ మధ్యలో 19కి తగ్గితే, ఆ మార్పు సైట్‌లోనే చేయించండి, బయట మాట్లాడుకుని బయట డబ్బులిచ్చుకోకండి. మార్పు అయ్యాక పేమెంట్ వివరాలు తెరిచి ఆక్యుపెన్సీ టాక్స్ అనే లైన్ కొత్తగా పడిందో లేదో కళ్ళారా చూడండి. పడకపోతే సపోర్ట్‌కు రాయండి, ఆ చాట్ స్క్రీన్‌షాట్ దాచుకోండి. సైట్ వసూలు చేయలేదు కాబట్టి నాకు సంబంధం లేదంటే కుదరదు. ఇంటిని నడిపేది మీరు, రాష్ట్రం అడిగేది మిమ్మల్నే.

మళ్ళీ ఇలా జరగకుండా

నేరుగా వచ్చే గెస్టులతో నేను ఇప్పుడు రెండు పేజీల ఒప్పందం రాయించుకుంటున్నాను, స్నేహితుల ద్వారా వచ్చినవాళ్ళయినా సరే. అందులో పన్ను గురించి ఉండేది మూడే మాటలు. ఫలానా తేదీ నుంచి వరుసగా 30 రోజులకు తక్కువ కాకుండా ఉండాలనే ఉద్దేశంతో ఈ ఇల్లు తీసుకుంటున్నాం. అందువల్ల మొదట్లో ఆక్యుపెన్సీ టాక్స్ వసూలు చేయట్లేదు. ఏ కారణం వల్లనైనా 30 రోజులు పూర్తికాకుండా ఖాళీ చేస్తే, ఉన్న రోజులకు రాష్ట్రపు, ఊరి పన్నులు మేమే కడతాం, వాటిని డిపాజిట్‌లోంచి లేదా తిరిగిచ్చే అద్దెలోంచి తీసుకోవచ్చు. దీని కింద గెస్ట్ సంతకం, తేదీ. ఇదే వాళ్ళు ఇవ్వాల్సిన రాతపూర్వక నోటీసు కూడా అవుతుంది కాబట్టి ఒకే కాగితంతో రెండు పనులు అయిపోతాయి. తేదీ మాత్రం చెక్-ఇన్ రోజుదో అంతకు ముందుదో ఉండాలి, వారం తర్వాత రాయించుకుంటే ఆ వారానికి పన్ను పడుతుంది.

డిపాజిట్ ఎంత అంటే, 29 రాత్రులకు పన్ను ఎంతవుతుందో అంత. మా ఇంటికి 29 రాత్రులు, 110 చొప్పున 3,190, క్లీనింగ్ 180, మొత్తం 3,370 మీద 13 శాతం అంటే 438 డాలర్ల 10 సెంట్లు. నేను 440 తీసుకుని, 30 రోజులు పూర్తయ్యాక మర్నాడే తిరిగిచ్చేస్తాను. ఇది నేరుగా వచ్చే బుకింగులకే. సైట్ల ద్వారా వచ్చినవాళ్ళ దగ్గర ఇలా బయట డబ్బు తీసుకోవడం వాళ్ళ నిబంధనలకు విరుద్ధం కావచ్చు, అక్కడ లిస్టింగ్‌లోనే "30 రాత్రులు పూర్తికాకపోతే పన్ను వర్తిస్తుంది" అని ముందే రాసిపెట్టండి.

ఇది పన్నుతోనే ఆగే విషయం కూడా కాదు. డల్లాస్, ప్లేనో లాంటి ఊళ్ళు కొద్దిరోజుల అద్దెల మీద ఆంక్షలు పెట్టాయి, డల్లాస్‌లో అది కోర్టుల దాకా కూడా వెళ్ళింది. అందుకే నెల పైబడిన అద్దెలే చేస్తున్నాం అనుకునేవాళ్ళకు, గెస్టులు నిజంగా నెల ఉన్నారని చూపించే కాగితాలు ఇంకా అవసరం.

పొడిగింపులో ఎదురు తిరిగే లెక్క

వెళ్ళిపోవడం గురించే చెప్తున్నాను గానీ, దీనికి ఉల్టా కేసు కూడా ఉంది. 20 రాత్రులకు వచ్చినవాళ్ళు ఇల్లు దొరక్క ఇంకో 15 రాత్రులు పొడిగిస్తారు. మొత్తం 35 కదా, ఇప్పటిదాకా కట్టిన పన్ను వెనక్కివ్వండి అంటారు. ఇవ్వక్కర్లేదు, ఇవ్వకూడదు కూడా. ముందు నోటీసు లేదు కాబట్టి మొదటి 30 రోజులకు పన్ను అలాగే ఉంటుంది, చివరి ఐదింటికే ఉండదు. అదే 20వ రోజున "ఈ రోజు నుంచి ఇంకో 30 రోజులు ఉంటాం" అని రాసిచ్చి నిజంగా ఉంటే, ఆ నోటీసు మీకు అందిన రోజు నుంచే పన్ను ఆగిపోతుంది. గెస్టుగా ఉన్నవాళ్ళు ఇది తెలుసుకుంటే వందల డాలర్లు మిగులుతాయి, కొత్తగా ఊరికి వచ్చి డబ్బుకు ఇబ్బంది పడే కుటుంబాలకు అది చిన్న మొత్తం కాదు.

కట్టే పద్ధతి

రాష్ట్రానికి కంప్ట్రోలర్ వెబ్‌సైట్‌లోనే కట్టొచ్చు. నెలకు 500 డాలర్ల లోపు, లేదా మూడు నెలలకు 1,500 లోపు పన్ను ఉండేవాళ్ళు మూడు నెలలకోసారి రిపోర్టు ఇవ్వొచ్చు, గడువు జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబర్ 20వ తేదీలు. అంతకన్నా ఎక్కువుంటే ప్రతి నెలా 20. పన్ను సున్నా అయినా రిపోర్టు ఇవ్వాలి. టైముకు కడితే 1 శాతం తగ్గింపు ఉంటుంది. ఆలస్యమైతే రిపోర్టుకు 50 డాలర్లు, దానికి తోడు 30 రోజుల దాకా 5 శాతం, ఆపైన 10 శాతం జరిమానా. ఊరికి విడిగా వాళ్ళ ఫారంలో, వాళ్ళ గడువుకు.

రెండు క్వార్టర్ల మధ్య పడిన బుకింగుల దగ్గర జాగ్రత్త. మార్చి 28న దిగి, 45 రాత్రులు ఉంటానన్న మనిషి ఏప్రిల్ 22న వెళ్ళిపోయాడనుకోండి. ఏప్రిల్ 20న మీరు పంపిన రిపోర్టులో మార్చి రాత్రులు మినహాయింపు కింద చూపించి ఉంటారు. ఇప్పుడు అది తప్పు. ఆ పాత రిపోర్టును సవరించి మళ్ళీ పంపాలి, ఏప్రిల్ రాత్రులు తర్వాతి రిపోర్టులోకి వెళ్తాయి.

వేరే రాష్ట్రాల్లో ఇల్లు ఉన్నవాళ్ళు ఈ 30ని అలాగే తీసుకెళ్ళి వాడకండి. ఫ్లోరిడాలో ఆరు నెలలకు మించిన రాతపూర్వక లీజు కావాలి. హవాయిలో 180 రోజుల లోపు ఉండేవాళ్ళందరికీ పన్ను ఉంది. న్యూయార్క్ రాష్ట్రంలో 90 రోజులు, న్యూయార్క్ సిటీ హోటల్ పన్నుకు 180. రోజుల లెక్కే కాదు, మిగతా నిబంధనలు కూడా వేరుగా ఉండొచ్చు, మీ రాష్ట్రంలో ఎలాగో కనుక్కుని చూసుకోండి.

మొన్న అక్టోబర్‌లో కూతురి పురుటికి గుంటూరు నుంచి వచ్చిన అమ్మానాన్నల కోసం ఒకమ్మాయి మా ఇల్లు 40 రాత్రులకు తీసుకుంది. ఒప్పందంలో ఆ మూడు మాటలు చదివి, "ఆంటీ, ఒకవేళ అమ్మావాళ్ళు ముందే మా ఇంటికి వచ్చేస్తామంటే?" అని అడిగింది. 30 రోజులు నిండాక ఎప్పుడు వెళ్ళినా పన్ను లేదమ్మా, దానికి ముందైతే ఇదిగో ఈ లెక్క అని అక్కడే కాగితం మీద వేసి చూపించాను. వాళ్ళు 33వ రోజున వెళ్ళారు. 440 డాలర్లు 31వ రోజునే తిరిగిచ్చేశాను.